ఫోన్లతో బొమ్మలు కదిలిద్దాం: మన ఊరి పిల్లలకి మూడు రోజుల యానిమేషన్ వర్క్‌షాప్ ఎలా పెట్టాలి

యానిమేషన్ వర్క్‌షాప్ అనగానే అందరూ ముందు అడిగేది "ఎన్ని ల్యాప్‌టాప్‌లు ఉన్నాయండీ" అని. ఒక్కటీ అక్కర్లేదు. బొమ్మని కొంచెం జరిపి ఫోన్‌తో ఒక ఫొటో, మళ్లీ కొంచెం జరిపి ఇంకో ఫొటో, అవన్నీ వరసగా పరిగెత్తిస్తే బొమ్మ కదులుతుంది, పని అంతే. ఆమదాలవలస దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో మొదటిసారి పెట్టినప్పుడు నా దగ్గర ఉన్నవి నాలుగు ఫోన్లు, అందులో ఒకదానికి స్క్రీన్ పగిలింది, ఓ కుంటి టేబులు, టెంట్‌హౌస్ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ స్టూళ్లు, అంతే. ఆ తర్వాత విజయనగరంలో, నరసన్నపేట వైపు, టెక్కలి వైపు పెట్టాను. మొదటి రెండూ ఫ్లాపే, దాచడం దేనికి.

మొదటిది ఎందుకు ఫ్లాపయ్యిందో చెప్తే సగం గైడ్ అయిపోయినట్టే. "ఏం కథ తీద్దాంరా" అని అడిగాను. ముక్తకంఠంతో "బొబ్బిలి యుద్ధం మేస్టారూ" అన్నారు. నాకూ ఊపొచ్చింది. 1757 నాటి యుద్ధం, కోట, ఏనుగులు, తాండ్ర పాపారాయుడు, ఫ్రెంచివాళ్ల ఫిరంగులు, అన్నీ క్లేతో, అదే మెత్తటి రంగు మట్టితో, చేసేద్దాం అనుకున్నాం. ఒక రోజంతా సైనికుల్ని చెయ్యడానికే సరిపోయింది, 22 మంది. రెండో రోజు సాయంత్రానికి వచ్చిన సినిమా నాలుగు సెకన్లు, అందులో ఒక సెకను నా మోచెయ్యి. మూడో రోజు పొద్దున్న వచ్చి చూస్తే మే నెల వేడికి గుర్రాలన్నీ కాళ్లు మెత్తబడి కూలబడ్డాయి, యుద్ధం జరక్కుండానే ఓడిపోయాం. పిల్లలు నవ్వారు గానీ ఒక గుంటడు మాత్రం "అయితే మా అమ్మకి ఏటి చూపించాలి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పట్నుంచి ఒకటే లెక్క పెట్టుకున్నా. ఏ గ్రూపు సినిమా అయినా 15 సెకన్లు దాటకూడదు, మూడో రోజు మధ్యాహ్నానికి పూర్తవ్వాలి, అందులో పెద్దోళ్ల వేలు పడకూడదు. కింద రాసేదంతా ఆ మాట నిలబెట్టుకోడానికి పడే పాట్లే.

ముందు తేల్చుకోవాల్సినవి

వయసు 10 నుంచి 15 లోపు బాగుంటుంది. అంతకన్నా చిన్నోళ్లకి బొమ్మని కొంచెం కొంచెంగా జరిపే ఓపిక ఉండదు, ఇటునుంచి అటు ఒకేసారి లాగేస్తారు. 20 మందిని మించి తీసుకోవద్దు. నలుగురేసి అయిదు గ్రూపులు, గ్రూపుకో ఫోను. ముగ్గురైతే ఇంకా మంచిదే, అయిదుగురైతే మాత్రం ఒకడు కచ్చితంగా బయటికెళ్లి క్రికెట్ ఆడతాడు.

వేసవి సెలవుల్లో అయితే పొద్దున్న 7:30 నుంచి 11 వరకే, ఆ తర్వాత మన ఎండల్లో గది తలుపులు మూసి ఎవరినీ కూర్చోబెట్టలేం. దసరా సెలవులు ఇంకా సుఖం. పైగా అక్టోబర్ 28 అంతర్జాతీయ యానిమేషన్ దినం, 1892లో ఆ రోజునే ఎమిల్ రెనో అనే ఆయన పారిస్‌లో కదిలే బొమ్మల్ని తెర మీద వేసి జనానికి చూపించాడు, సినిమా పుట్టకముందే. బ్యానర్ మీద రాసుకోడానికి ఒక సాకు దొరుకుతుంది. అక్టోబర్ అంటే మనకి తుఫాన్ల నెల కూడా, హుద్‌హుద్, తిత్లీ రెండూ ఆ నెల్లోనే వచ్చాయి, అందుకని ఇంకో డేటు కూడా చేతిలో ఉంచుకోండి.

ఫోన్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే సగం గొడవలు అక్కడే. మూడు రోజులూ అదే ఫోన్ రావాలి. మొదటి రోజు నాన్న ఫోను తెస్తారు, రెండో రోజు నాన్న దాన్ని పట్టుకుని పనికెళ్లిపోతాడు, గ్రూపు సినిమా ఆ ఫోన్లోనే ఉండిపోతుంది. ముందే అడిగి, ఇంట్లో ఖాళీగా పడున్న పాత ఫోన్ ఉంటే అదే ఇమ్మనండి, సిమ్ లేకపోయినా పర్లేదు. రెండు మూడు జీబీ ఖాళీ ఉండాలి, యాప్ ముందురోజే వేసుకుని రావాలి, అక్కడికొచ్చాక డౌన్‌లోడ్ చేద్దాం అంటే నెట్ గిరగిరా తిరుగుతానే ఉంటది. యాప్ అంటే స్టాప్ మోషన్ స్టూడియో, ఫ్రీదే చాలు, డబ్బులు కట్టే వెర్షన్ మొదటిసారికి అనవసరం. ఫోన్‌లోనే వేలితో గీసేవాళ్లకి ఫ్లిపాక్లిప్ ఉంది గానీ నేనైతే మొదటి వర్క్‌షాప్‌లో అది పెట్టను, పిల్లలు ఎలాగూ రోజంతా స్క్రీన్ మీదే వేలు పెడుతున్నారు, ఇక్కడైనా కత్తెర పట్టుకోనీ.

తల్లిదండ్రుల దగ్గర ఒక చిన్న కాగితం మీద సంతకం తీసుకోండి: పిల్లల ఫొటోలు తీస్తామని, మొహాలు కనిపించే వీడియో ఏదీ బయట పెట్టమని. ఆడపిల్లల ఇళ్లల్లో ఈ ఒక్క మాట వల్లే పంపిస్తారు. మాటిచ్చాక దాని మీద నిలబడండి మరి.

సామాను

డబ్బాలకి డబ్బాలు కొనక్కర్లేదు. నల్ల చార్టులు, రంగు చార్టులు, కత్తెర్లు, పెన్సిళ్లు, స్టిక్కీ నోట్స్ కట్టలు నాలుగైదు, రెండు పక్కలా అంటుకునే టేపు, తెల్ల టేపు, సన్న దారం, సూదులు, నాలుగు రంగుల క్లే. పాత శుభలేఖలు ఇంటింటికీ అడిగి పోగుచెయ్యండి, అంత మంచి అట్ట కొన్నా దొరకదు. రెండు ఎల్ఈడీ టేబుల్ లైట్లు. ఎక్స్‌టెన్షన్ బాక్సు. బట్టల క్లిప్పులు ఓ పాతిక, ఇవి దేనికి పనికొస్తాయో ఇప్పుడు చెప్పలేను గానీ పనికొస్తాయి.

ట్రైపాడ్‌లు లేవని బెంగ వద్దు. టెంట్‌హౌస్ ప్లాస్టిక్ స్టూల్ చూడండి, చాలావాటికి పైన మధ్యలో ఒక కన్నం ఉంటుంది, చెయ్యి దూర్చి ఎత్తడానికి. ఫోన్ కెమెరా ఆ కన్నం మీదకొచ్చేలా బోర్లా పడుకోబెట్టి టేపు వేసేస్తే కిందికి చూసే కెమెరా తయారు. స్టూల్ కాళ్ల మధ్య నేల మీద చార్టు పరిచి దాని మీద కాగితం బొమ్మలు కదపడమే. ఆ ఐడియా నాది కాదు, పగిలిన స్క్రీన్ ఫోన్ తెచ్చిన పిల్లది. అప్పటిదాకా నేను పీవీసీ పైపులు కోయిస్తా కూర్చున్నాను. స్టూల్ నాలుగు కాళ్లకీ, చార్టు నాలుగు మూలలకీ నేల మీద టేపు అంటించెయ్యండి, లేకపోతే ఎవడో ఒకడు తన్నుతాడు.

గది, లైటు: ఇక్కడ బద్ధకిస్తే మొత్తం పోతుంది

పిల్లలు బొమ్మ చక్కగా కదిపినా వీడియో చూస్తే మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. నా రెండో వర్క్‌షాప్ మొత్తం అలాగే పోయింది. దానికి కారణాలు చాలా ఉంటాయి, ఒక్కోటీ పట్టుకోవాలి.

మొదటిది కిటికీ. మనకి తెలీకుండానే ఎండ జరుగుతుంది, మబ్బు వస్తుంది పోతుంది. ఒక్క ఫొటోలో తేడా తెలీదు, 12 ఫొటోలు ఒక్క సెకనులో పరిగెడితే తెలుస్తుంది. కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టెయ్యండి, లోపల లైట్లు మాత్రమే ఉండాలి. రెండోది ఫోన్ అతితెలివి: ప్రతి ఫొటోకీ వెలుగు, ఫోకస్, రంగు అదే సర్దేసుకుంటుంది. యాప్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగు) మూడూ లాక్ చెయ్యండి, చాలా ఫోన్లలో బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. మూడోది లైటే. మన కరెంటు 50 హెర్ట్జ్, చవకరకం ఎల్ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతా ఉంటుంది, కంటికి కనపడదు గానీ కెమెరా పట్టేస్తుంది. షట్టర్ స్పీడు, అంటే ఒక్కో ఫొటోకి కెమెరా ఎంతసేపు వెలుగు తీసుకోవాలన్నది, మనమే పెట్టుకునే వీలుంటే సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, ఆ గొడవ పోతుంది. బ్యాటరీతో నడిచే ఎమర్జెన్సీ లైట్లు వాడొద్దు, చార్జింగ్ దిగేకొద్దీ డిమ్ అయిపోతాయి. కరెంటు పోతే షూటింగ్ ఆపేసి కథలు చెప్పుకోండి, అంతే.

నాలుగోది తెల్ల చొక్కా. నవ్వకండి, నిజం. తెల్ల యూనిఫారం వేసుకున్న పిల్లాడు బొమ్మ మీదకి వంగి వెనక్కి జరిగినప్పుడల్లా ఆ చొక్కా మీంచి వెలుగు బొమ్మ మీద పడుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకురమ్మనండి, ఫొటో తీసేటప్పుడు అందరూ నేల మీద వేసిన టేపు గీత వెనక నిలబడాలి. లైట్లు రెండూ బొమ్మకి చెరో పక్కన ఏటవాలుగా పెట్టి, ముందు బటర్ పేపర్ గానీ పల్చటి తెల్ల పంచె గానీ బల్బుకి తగలకుండా వేలాడదీస్తే నీడలు మెత్తబడతాయి.

ఇంక ఫ్యాను. ఫ్యానేస్తే కాగితం బొమ్మలు లేచిపోతాయి, ఆపితే పిల్లలు ఉడికిపోతారు. 20 నిమిషాలు షూటింగ్, అయిదు నిమిషాలు ఫ్యాను, ఫ్యాను వేసేముందు బొమ్మల మీద బరువైన పుస్తకం. క్లే అయితే రాత్రి స్టీలు డబ్బాలో పెట్టి తడి గుడ్డ చుట్టిన కుండ పక్కన ఉంచండి, మా గుర్రాల గతి పట్టకూడదంటే.

మొదటి రోజు: ఫోన్లు సంచిలోనే

మొదటి గంటన్నర ఫోన్ తియ్యనివ్వొద్దు. శుభలేఖ అట్టని రూపాయి బిళ్లకి నాలుగింతల గుండ్రంగా కత్తిరించి, ఎడమా కుడీ రెండు కన్నాలు పెట్టి దారాలు కట్టండి. ఒక పక్క పంజరం, రెండో పక్క చిలక. దారాలు నలిపితే గిర్రున తిరిగి చిలక పంజరంలోకి దూరిపోతుంది. 1825 ప్రాంతంలో లండన్‌లో అమ్మిన ఆటబొమ్మ ఇది. ఇందులో అందరూ తప్పు చేసేది ఒక్కచోటే, అట్టని పుస్తకం పేజీలా తిప్పి వెనక గీస్తారు, అప్పుడు చిలక తలకిందులవుతుంది. రెండు దారాలూ పట్టుకుని అట్టని కిందనుంచి పైకి పల్టీ కొట్టించి, అలా కనిపించిన పక్క మామూలుగా గీయాలి. చిలకే గీయాలని లేదు. ఒక పిల్ల గిన్నె గీసి వెనక చేప గీసింది, ఇంకొకడు వాళ్ల తాతకి మీసం పెట్టాడు.

"ఎందుకలా కనిపిస్తాది మేస్టారూ?" అని అడుగుతారు. బొమ్మ కంట్లో కాసేపు ఉండిపోతుందని మనకి స్కూల్లో చెప్పారు. చిలకా పంజరం కలిసిపోడానికి ఆ మాట సరిపోతుంది గానీ, విడివిడి బొమ్మలు *కదిలినట్టు* కనపడటానికి సరిపోదు. ఒకచోట ఒక గీత వెలిగి ఆరి, పక్కన ఇంకో గీత వెలిగితే, మెదడు ఆ రెంటినీ కలిపి "ఒకటే గీత, జరిగింది" అనుకుంటుంది. 1912లో జర్మనీలో వెర్ట్‌హైమర్ అనే శాస్త్రవేత్త ఇదే చూపించాడు. పిల్లలకి ఇంత చాలు: మనం ఫొటోలు ఇస్తాం, కదలిక మెదడే కల్పించుకుంటుంది.

తర్వాత స్టిక్కీ నోట్స్ మీద ఫ్లిప్‌బుక్, అంటే కాగితాలు గబగబా వదిలితే బొమ్మ కదిలే పుస్తకం. కట్టలో చివరి కాగితం నుంచి మొదలెట్టి ముందుకి రావాలి, అప్పుడు కింది బొమ్మ పై కాగితంలోంచి మసగ్గా కనిపిస్తుంది, దాన్ని చూసి కొంచెం జరిపి గీస్తారు. 20 కాగితాలు. మనుషుల్ని గీయనివ్వొద్దు, ఒక గుండ్రటి బంతి చాలు. బంతి నేలకి కొట్టుకున్నప్పుడు చపాతీలా నొక్కుకోవాలి, లేచేటప్పుడు కోడిగుడ్డులా సాగాలి. ఈ ఒక్కటి పెడితే బంతికి ప్రాణం వస్తుంది, పెట్టకపోతే గోళీలా ఉంటుంది. రెండూ గీయించి పక్కపక్కన తిప్పి చూపించండి, ఉపన్యాసం అక్కర్లేదు.

చివరి గంట అందర్నీ బయటికి తీసుకెళ్లి ఫోన్లు తియ్యమనండి. ఇప్పుడు మనుషులే బొమ్మలు. ఒకళ్లు ఎగరాలి, గాల్లో ఉన్న క్షణంలో ఫొటో, ఒక అడుగు ముందుకి, మళ్లీ ఎగరాలి, మళ్లీ ఫొటో. 16 ఫొటోలు తీసి సెకనుకి ఎనిమిది చొప్పున నడిపిస్తే రెండు సెకన్ల పాటు పిల్ల నేలకి తగలకుండా గాల్లో తేలిపోతుంది. "ఓలమ్మో, సుబ్బిగాడు ఎగిరిపోతన్నాడు" అని అరుపులు. వర్క్‌షాప్ మొత్తమ్మీద పిల్లలు మీ చేతికి చిక్కేది ఈ నిమిషమే. ఎగరలేనివాళ్లు వరసగా నేల మీద కూర్చుని తెడ్లు వేస్తున్నట్టు చేతులాడిస్తూ ఫొటోకి జానెడు చొప్పున జరగొచ్చు, పడవ వెళ్తున్నట్టుంటుంది. సముద్రం ఒడ్డునున్న కళింగపట్నం నుంచి వచ్చిన పిల్లలకి తెడ్డెలా వెయ్యాలో మనం చెప్పక్కర్లేదు.

ఇంటికెళ్లేముందు ఇంకో పని. ఎక్స్‌ట్రా పాత ఫోన్ ఒకటుంటే, నానబెట్టిన పెసలు తడిగుడ్డ మీద పోసి దాని ముందు పెట్టి అయిదు నిమిషాలకో ఫొటో తీసేలా వదిలెయ్యండి, చార్జర్ పెట్టే ఉంచి, లైటు వేసే ఉంచి. 24 గంటలకి 288 ఫొటోలు, సెకనుకి 12 చొప్పున 24 సెకన్ల సినిమా, మొలకలు మెడలెత్తి చూస్తాయి. దాదాసాహెబ్ ఫాల్కే గారు కూడా రాజా హరిశ్చంద్ర సినిమా తియ్యకముందు కుండీలో బఠాణీ మొక్క మొలవడం ఇలాగే కొంచెం కొంచెంగా తీసి, దాన్ని చూపించి పెట్టుబడి సంపాదించారు.

రెండో రోజు: కథ, బొమ్మ, 124 ఫొటోలు

కథకి అరగంటే. ఎక్కువిస్తే యుద్ధాలు వచ్చేస్తాయి. నేను పెట్టే షరతు: ఒక చోటు, ఇద్దరు లేదా ముగ్గురు, "ఒకడు ఒకటి చెయ్యబోతాడు, ఇంకోటి అయిపోతుంది". మాటలు లేకుండా చేతులతో చూపిస్తే పక్క గ్రూపుకి అర్థం కావాలి, కాకపోతే మార్చుకోవాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, పెద్దోళ్లు. "ఏదైనా సందేశం పెట్టండమ్మా" అని ఎవరో ఒక మేస్టారు అంటారు, అంతే, అయిదు సినిమాల్లో అయిదూ మొక్క నాటడంతో అయిపోతాయి. మొక్కలంటే నాకేం పగ లేదు గానీ ఆ కథ పిల్లలది కాదు, గోడమీద రాసిన నినాదం. నేను మొహమాటం లేకుండా "సందేశం వద్దండీ" అని చెప్పేస్తాను. వాళ్లని వాళ్లకి వదిలేస్తే ఏం వస్తాయంటే, విజయనగరం జాతరలో సిరిమాను (పొడవాటి మాను) చివర కూర్చున్న పూజారిగారి మీద జనం అరటిపళ్లు విసురుతుంటే ఒక కోతి మధ్యలో పట్టుకోవడం. తేలినీలాపురం కొంగ గూటికి తెచ్చిన చేప జారి కింద నిద్రపోతున్న ముసలాయన నోట్లో పడటం. పలాస వైపు పిల్లలు మాత్రం కొబ్బరిచెట్లు పడిపోవడం తీశారు, తిత్లీ వచ్చిన 2018లో వాళ్లు బాగా చిన్నవాళ్లు. నలుగురూ ఒక్కో చెట్టూ కొంచెం కొంచెంగా వంచి పడుకోబెట్టి 60 ఫొటోలు తీశాక, అందులో ఒక అమ్మాయి "ఇదే ఎనక్కి తిప్పితే చెట్లన్నీ లెగిసిపోతాయి కదా" అంది. తిప్పారు. వాళ్ల సినిమా అదే.

కథ తేలాక లెక్క కాగితం. సెకనుకి 12 ఫొటోలు. పెద్ద యానిమేషన్ సినిమాల్లో సెకనుకి 24 ఫ్రేములు (విడి ఫొటోలు) ఉంటాయి, అక్కడ కూడా ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచడం మామూలే, అంటే 12 బొమ్మలే. అందుకని మనదేం తక్కువ కాదు. ఒక గ్రూపు తీసిన షేర్ ఆటో కథ లెక్క చూడండి, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటో ఆగుతుంది, ఎక్కుతానే ఉంటారు, చివరికి పేలుతుంది:

- ఆటో రావడం 18
- ఆగి ఊగడం 6
- నలుగురు ఎక్కడం, ఒక్కొక్కరికి 12 చొప్పున 48 (నాలుగోది మేక)
- ఆటో బూరెలా ఉబ్బడం 12
- ఏమీ కదలకుండా ఆగడం 6
- పేలడం 4
- అందరూ చెల్లాచెదురవడం 12
- డ్రైవర్ ఒక్కడే హాయిగా వెళ్లిపోవడం 18

మొత్తం 124 ఫొటోలు, పది సెకన్ల పైచిలుకు. పేరుకి రెండు సెకన్లు, చివర పేర్లకి రెండు సెకన్లు కలిపితే 14 దాటుతుంది. పేర్ల కార్డుని 24 సార్లు నొక్కక్కర్లేదు, ఒకసారి తీసి యాప్‌లో కాపీ పేస్ట్ చేసుకోవచ్చు. ఆ "ఏమీ కదలకుండా ఆగడం 6" ఉంది చూశారూ, నవ్వు అక్కడుంది. పేలేముందు ఆ అరసెకను లేకపోతే ఎవరూ నవ్వరు. పిల్లలు దాన్ని తీసేద్దామంటారు, ఒకసారి తీసేసి చూపించండి.

బొమ్మల తయారీకి కాగితం కటౌట్లు ఎంచుకోండి, క్లే కాదు. అరచేయంత బొమ్మ, పక్కకి తిరిగి ఉన్నది, తల, ఒళ్లు, చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించి కీళ్ల దగ్గర సూదితో దారం దూర్చి రెండు పక్కలా ముడి. తోలుబొమ్మలకి కీళ్లు కట్టేది కూడా ఇలాగే, విడి ముక్కలు, మధ్యలో దారం. ముడి మరీ బిగిస్తే చెయ్యి తిరగదు, వదులైతే వేలాడుతుంది, ఊదితే కదలకూడదు, తోస్తే కదలాలి. కనుగుడ్లు విడిగా నల్ల చుక్కలు చేసుకుంటే అవి జరుపుతుంటేనే సగం నటన వచ్చేస్తుంది.

కత్తెర ఇష్టంలేని గ్రూపు ఉంటే నల్ల చార్టు మీద ముగ్గు. చుక్కల ముగ్గు తనంతట తనే పడుతున్నట్టు తియ్యాలంటే అడ్డదారి ఉంది: ముందు ముగ్గు పూర్తిగా వేసెయ్యండి, పొడి కుంచెతో కొంచెం కొంచెం తుడుస్తా ఫొటోలు తియ్యండి, చివర్లో వెనక్కి నడపండి.

షూటింగ్‌లో నలుగురికీ నాలుగు పనులు: ఇద్దరు బొమ్మ కదపడం, ఒకళ్లు ఫోన్ నొక్కడం, ఒకళ్లు లెక్క కాగితం మీద టిక్కులు పెడుతూ గట్టిగా అరవడం. అరుపు ఇది: "కదుపు, తప్పుకో, నొక్కు!" ఈ మూడు మాటలూ పాటలా పడితే చేతులు ఫొటోలో పడటం ఆగిపోతుంది. 20 ఫొటోలకోసారి పనులు మారాలి, ఇది అడుక్కోడం కాదు, రూలు. మార్చకపోతే ఏమవుతుందో నేను ప్రతిచోటా చూశాను, ఫోన్ అబ్బాయి చేతిలో ఉంటది, కత్తిరించడం అంటించడం అమ్మాయిల పని అయిపోతుంది. ఫోన్ నొక్కేటప్పుడు కదలకుండా ఉండటానికి ఇయర్‌ఫోన్ పెట్టి దాని వాల్యూమ్ బటన్ నొక్కి చూడండి, చాలా ఫోన్లలో పనిచేస్తుంది. ఫ్లైట్ మోడ్ మర్చిపోవద్దు, 90వ ఫొటో దగ్గర మావయ్య ఫోన్ చేస్తే ఫోన్ గుర్రుమని జరిగిపోతుంది.

యాప్‌లో ముందు ఫొటో నీడలా కనిపించే ఆప్షన్ ఉంటుంది, ఉల్లిపొరలాగ. అది ఆన్ చేస్తే ఎంత జరిపామో తెలుస్తుంది. ఎంత జరపాలి అన్నదే అసలు విద్య. ఉయ్యాల గుర్తుచెయ్యండి: రెండు చివర్లా నెమ్మదిస్తుంది, మధ్యలో దూసుకుపోతుంది. ఆటో బయల్దేరేటప్పుడు గోరంత, తర్వాత వేలంత, తర్వాత రెండు వేళ్లంత, ఆగేటప్పుడు మళ్లీ తగ్గుతూ గోరంత. నడకకి ఒక్కో అడుగుకి ఆరు ఫొటోలు, కన్నార్పడానికి మూడు.

చక్రాలు తిరిగే కథలైతే ఒక తిరకాసు ఉంది. ఒక గ్రూపు పొందూరు రాట్నం తీశారు, చక్రం ఎనిమిది ఆకులది, ఆకుకీ ఆకుకీ 45 డిగ్రీలు. పిల్లలు ఉత్సాహంగా ఫొటోకి దగ్గరదగ్గర 40 డిగ్రీలు తిప్పేశారు, వీడియోలో రాట్నం నెమ్మదిగా వెనక్కి తిరిగింది. ఎందుకంటే ఆకులన్నీ ఒకేలా ఉంటాయి, 40 ముందుకెళ్లింది అనుకోవడం కన్నా 5 వెనక్కొచ్చింది అనుకోవడం మెదడుకి తేలిక. 15 డిగ్రీలకి తగ్గించి, ఒక ఆకుకి ఎర్ర రంగు వేశాం, సరిపోయింది.

టేపు వేసినా ఎవరో స్టూల్ తన్నేస్తారు, అది ఖాయం. మొదట్నుంచీ తియ్యొద్దు. స్టూల్ మార్చి దగ్గర్నుంచి మొహం షాట్ ఒకటి తీసి, తర్వాత మళ్లీ దూరం షాట్‌కి రండి, జరిగిన సంగతి చూసేవాళ్లకి తెలీదు.

ఇంతసేపూ వాలంటీర్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. అక్షరాలా. చెయ్యి ముందుకొస్తే బొమ్మ ముట్టుకుంటాం, ముట్టుకుంటే సర్దుతాం, సర్దితే అది మన సినిమా అయిపోతుంది. సాయంత్రం ప్రతి గ్రూపు వీడియో ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, నాన్న ఫోన్ పట్టుకెళ్లిపోయినా ఇబ్బంది ఉండదు.

మూడో రోజు: చప్పుళ్లు, మాటలు, తెర

పొద్దున్న రెండు గంటలు మిగిలిపోయిన షూటింగ్‌కి పోతాయి. ఆ తర్వాత సౌండ్, నాకైతే అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఫ్యానాపి, దుప్పట్ల కింద దూరి రికార్డ్ చెయ్యాలి, దుప్పట్లు గది మోత మింగేస్తాయి. కొబ్బరి చిప్పలు రెండూ కొడితే గుర్రం, జీడిపిక్కలు రేకుడబ్బాలో ఒంపితే వాన, సెల్లోఫేన్ కాగితం నలిపితే మంట, బెలూన్ పేలితే ఆటో. తప్పెటగుళ్లు వాయించే ఇల్లు దగ్గర్లో ఉంటే ఒక తప్పెట అడిగి తెచ్చుకోండి, ఏ కదలికకైనా ఊపొస్తుంది. సినిమా పాటలు పెడతామంటారు, వద్దనండి, అది వేరేవాళ్ల సొత్తు, పైగా ఆన్‌లైన్‌లో పెడితే సౌండ్ కోసేస్తారు.

డైలాగులకొచ్చేసరికి ఒక చిత్రం జరుగుతుంది. ఇప్పటిదాకా గోలగోలగా మాట్లాడిన పిల్లలు మైకు ముందుకి రాగానే "మిత్రమా, మనం ఇక్కడినుండి వెళ్లిపోదాం" అంటారు. డబ్బింగ్ కార్టూన్లు చూసి చూసి బొమ్మలంటే అలాగే మాట్లాడాలని ఫిక్సయిపోయారు. నేను తిట్టను, "ఇదే మాట మీ అన్నతో ఎలా అంటావ్" అని అడుగుతాను. "ఏటిరా, ఇంకా ఇక్కడే ఉన్నావేటి, ఎల్లిపోదాం రా!" గది మొత్తం ఘొల్లుమంది. మేక కూడా "ఓలప్పో, ఇరుకైపోనాది" అంది. ఆ టేకే ఉంచండి, తర్వాత ఎవరైనా "యాస సరిచేస్తే బాగుండేదండీ" అన్నా సరే.

ఎడిటింగ్ అంటే పెద్దగా ఏం లేదు, వీఎన్ లాంటి ఫోన్ యాప్‌లో బొమ్మ, సౌండ్ కలపడం, పేర్లు పెట్టడం. కంప్యూటర్ ఉంటే షాట్‌కట్ ఫ్రీ. గంటలో అయిపోవాలి.

చూపించడానికి, నాడు-నేడులో స్మార్ట్ టీవీ గానీ పెద్ద ప్యానెల్ గానీ వచ్చిన సర్కారు బడి దగ్గర్లో ఉంటే హెడ్‌మాస్టర్‌గారిని అడగండి, ముందురోజే పెన్‌డ్రైవ్ పెట్టి ఆడుతుందో లేదో చూసుకోండి. లేదంటే ప్రొజెక్టర్, తెల్ల దుప్పటి. ఒక్కో సినిమా రెండేసి సార్లు వెయ్యండి, ఎందుకంటే అయిదు సినిమాలూ కలిపి నిమిషంన్నర లోపే, మొదటిసారి మా అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకునేలోపు షో అయిపోయింది. మధ్యలో పిల్లలు బోర్లా పడుకుని బొమ్మలు జరుపుతున్న ఫొటోలు చూపిస్తే 124 అంటే ఏంటో పెద్దోళ్లకి అర్థమవుతుంది.

సినిమాలు ఇళ్లకి పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే బాగా కుదించేసి మసక చేసేస్తుంది. వాడిన పాత ఫోన్లలో మన ఫొటోలు డిలీట్ చేసి, లాక్ తీసేసి ఎవరివి వాళ్లకిచ్చెయ్యండి. మిగిలిన క్లే కూడా పిల్లలకే ఇచ్చెయ్యండి, మూడు రోజులకి నాలుగు రంగులూ కలిసిపోయి ఎలాగూ గేదె రంగులోకొచ్చేసుంటది.